పగిలిన గేమ్ క్యాసెట్: ఏ జిగురు అన్నది రెండో ప్రశ్న

పాత వీడియో గేమ్ క్యాసెట్ పెంకు పగిలింది. దేనితో అతికించాలి? కర్నూలు పాతబస్తీలో టీవీలు బాగుచేసే దుకాణంలో అడిగితే ఫెవిక్విక్ అంటారు. హార్డ్‌వేర్ దుకాణంలో ఎం-సీల్ చేతిలో పెడతారు. ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు ప్లాస్టిక్‌ను కరిగించే అసిటోన్ అనే ద్రావకం అంటాడు. ఫోనులో వీడియోలు చూసినవాళ్లు ఫెవిక్విక్ మీద వంట సోడా చల్లమంటారు. బోర్లలో పైపులు దించే మేస్త్రీ అయితే, పైపు గమ్ము ఉండగా ఇంకేం కావాలంటాడు. తమాషా ఏమిటంటే ఈ ఐదుగురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరి మనసులో ఒక్కో ప్లాస్టిక్ ఉంది, ఒక్కో రకం పగులు ఉంది. అది బయటికి చెప్పకపోవడంతోనే గందరగోళం.

అటకల మీది పెట్టెలు దింపి, చిన్నప్పటి ఆటలను మళ్లీ టీవీకి తగిలించాలనుకునేవారు ఇప్పుడు పెరిగారు. ముప్పై ఏళ్ల నాటి ప్లాస్టిక్‌ను విప్పబోతే విరగడం మామూలే. కర్నూలులో దీనికి తోడు మరో కారణం ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు ఇళ్లలోని సామానంతా బురదనీళ్లలో నానింది. ఆ నీళ్లు తాకిన క్యాసెట్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి.

పెంకు పైపై ముస్తాబు కాదు

1990లలో మన ఊళ్లలో తిరిగిన ఆటపెట్టెల్లో చాలావరకు, నింటెండో సంస్థ 1983లో జపానులో విడుదల చేసిన ఫామికామ్ అనే యంత్రానికి నకళ్లు. సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అవి దొరికేవి. వాటి క్యాసెట్‌కు 60 పిన్నులు, అంటే యంత్రాన్ని తాకే లోహపు గీతలు. ఫామికామ్‌కు అమెరికా రూపంగా 1985లో అక్కడి మార్కెట్‌కు వచ్చిన ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కు 72. నకలు క్యాసెట్ విప్పి చూసినవాళ్లకు మొదట ఆశ్చర్యమే మిగులుతుంది. అరచేయంత పెట్టెలో రెండు వేళ్ల వెడల్పు బోర్డు, దాని మీద చిప్పును కప్పేసిన నల్లటి గడ్డ, మిగిలినదంతా ఖాళీ.

ఆ ఖాళీ పెట్టె చేసే పని తక్కువేమీ కాదు. బోర్డు ఎంత లోతుకు దిగాలో, ఎంత నిటారుగా దిగాలో నిర్ణయించేది పెంకే. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. బోర్డు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే పిన్ను పొరుగుదాని అంచు దాకా వెళ్తుంది. బోర్డును తిప్పి పెట్టకుండా ఆపేదీ పెంకే. తిరగేసి దించితే విద్యుత్తు వెళ్లకూడని దారిలో వెళ్లి చిప్పు కాలిపోవచ్చు. క్యాసెట్‌ను లాగేటప్పుడు చేతి బలమంతా మోసేది కూడా అదే.

అందుకే లోపల బోర్డును పట్టి ఉంచే చిన్న కొమ్ము విరిగితే, తెర మీద కనిపించే లక్షణాలు పిన్నులకు మట్టి పట్టినప్పటి లక్షణాలలాగే ఉంటాయి: గీతలు, చెదిరిన బొమ్మలు, ఖాళీ తెర. ఆట చచ్చిపోయిందని పక్కన పడేసిన క్యాసెట్లలో కొన్నిటి జబ్బు పెంకుదే. మనమంతా క్యాసెట్‌లోకి ఊది పెట్టేవాళ్లం కదా. ఊపిరి తడి పిన్నులకు చేటు చేసేదే తప్ప మేలు చేసేది కాదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు బోర్డు సరిగ్గా కూర్చోవడం వల్లే ఆట వచ్చేది.

చేతిలో ఉన్నది ఏ ప్లాస్టిక్?

నింటెండో, సెగా వంటి గేమ్ సంస్థల అసలు క్యాసెట్ల పెంకులకు ఎక్కువగా వాడింది ఏబీఎస్. మూడు పదార్థాల కలయిక అది. గట్టిదనం, రసాయనాలకు తట్టుకునే గుణం అక్రిలోనైట్రైల్ నుంచి వస్తాయి. దెబ్బను మింగే సాగుడు బ్యుటడైన్ రబ్బరుది. మెరుపు, అచ్చులో సులువుగా పారే గుణం స్టైరీన్‌వి. చవక నకళ్లలో పాలీస్టైరీన్ కూడా కనిపిస్తుంది. పెళుసుగా ఉండే రకం పాలీస్టైరీన్ గాజులా చురుగ్గా విరుగుతుంది. ఏబీఎస్ విరిగే ముందు కొంత వంగుతుంది, వంగిన చోట తెల్లటి చార మిగులుతుంది.

కొన్ని పెంకుల లోపలి గోడ మీద ప్లాస్టిక్ పేరు అచ్చు వేసి ఉంటుంది. లేనప్పుడు రెండు పరీక్షలు దారి చూపిస్తాయి. ఊడివచ్చిన ముక్కను గ్లాసెడు నీళ్లలో వేస్తే ఏబీఎస్, పాలీస్టైరీన్ మునుగుతాయి. పాలీప్రొపిలీన్, పాలిథీన్ తేలతాయి. బయటికి కనిపించని మూల అసిటోన్ చుక్క తాకిస్తే ఏబీఎస్, పాలీస్టైరీన్ మెత్తబడి జిగటగా అవుతాయి. పాలీప్రొపిలీన్‌కు చీమ కుట్టినట్లయినా ఉండదు. పారదర్శకంగా ఉన్న పాలీకార్బొనేట్ అయితే తెల్లబడి సన్నటి బీటలు తీస్తుంది, కాబట్టి అద్దంలాంటి పెంకుల మీద ఈ రెండో పరీక్ష నష్టమే.

వచ్చిన జవాబును బట్టి సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. పాలీప్రొపిలీన్ మీద అసిటోన్ పనిచేయలేదని ఒకరు, ఏబీఎస్ మీద అద్భుతంగా పనిచేసిందని మరొకరు పోట్లాడుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అంటించడం వేరు, కలిపేయడం వేరు

జిగుర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం రెండో చిక్కు.

ఫెవిక్విక్ సయనోఅక్రిలేట్ జాతి జిగురు. ఈ పదార్థం 1942లో అమెరికాలో కొడాక్ సంస్థ పరిశోధకుడు హ్యారీ కూవర్ కంటపడింది, 1958లో బజారుకు వచ్చింది. గాలిలోనూ వస్తువు మీదా ఉన్న కాస్త తడితో ఇది గట్టిపడుతుంది. పలుచటి పొరగా, అంచులు సరిగ్గా కలిసే చోట బాగా పట్టుకుంటుంది. దెబ్బకూ వంపుకూ మాత్రం పెళుసు. వంట సోడా చల్లితే క్షణంలో రాయి అవుతుంది, ఎందుకంటే సోడాకున్న క్షారగుణం ఆ చర్యను ఉరకలెత్తిస్తుంది. అలా తయారయ్యేది ఖాళీ పూడ్చే గట్టి మసాలా. దానిలో సాగుడు ఉండదు. పని జరుగుతున్నప్పుడు బాగా వేడి పుడుతుంది. జిగురు ఎక్కువై దూది మీద ఒలికితే పొగ రావడం కూడా ఉంది.

ఆరాల్డైట్, ఎం-సీల్ రెండూ ఎపాక్సీలు. రెండు భాగాలు కలిపితే గట్టిపడతాయి, ఖాళీలు పూడుస్తాయి, సయనోఅక్రిలేట్ కంటే దెబ్బకు ఓర్చుకుంటాయి. అయితే ఇవి ప్లాస్టిక్‌లో కలవవు, పైన పట్టుకుని కూర్చుంటాయి. నున్నటి గోడ మీద నుంచి పొరగా ఊడివస్తాయి. సాండ్ పేపరుతో గరుకు చేసి, జిడ్డు పోయేలా తుడిచిన చోట వీటి పట్టు వేరు.

అసిటోన్ అసలు జిగురే కాదు. అంచులను కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులను ఒత్తి పెడితే ఇటు ప్లాస్టిక్ అటు, అటు ప్లాస్టిక్ ఇటు చొచ్చుకుపోతాయి. అసిటోన్ ఆవిరైపోయాక మధ్యలో మిగిలేది అదే ప్లాస్టిక్. జొన్నరొట్టె తడుతున్నప్పుడు అంచు చీలితే తడివేళ్లతో అద్ది కలిపేస్తారే, పని తీరు అదే. ఇది ఏబీఎస్, పాలీస్టైరీన్‌లకే వర్తిస్తుంది, అదీ ముక్క అంచులు చెక్కుచెదరకుండా ఉంటేనే. ఒక చుక్క బయటి గోడ మీద పడితే అక్కడి నునుపు పోయి మచ్చ మిగులుతుంది, వేలిముద్ర పడితే వేలిముద్ర మిగులుతుంది. దుకాణాల్లో దొరికే నెయిల్ పాలిష్ రిమూవర్లలో నీళ్లు, నూనెలు, పరిమళాలు కలుస్తాయి. కొన్నింటిలో అసలు అసిటోనే ఉండదు. అవి వాడి ఈ పద్ధతి పనికిరాదని తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ.

ఇక పైపు గమ్ము. అనంతపురం జిల్లాలో బోరు లేని పొలం, గమ్ము డబ్బా లేని మోటారు కొట్టం అరుదు. దానిలో పీవీసీని కరిగించే ద్రావకాలుంటాయి, వాటిలో కరిగిన పీవీసీ కూడా ఉంటుంది. ఆ ద్రావకాలు ఏబీఎస్‌నూ మెత్తబరుస్తాయి, అందుకే క్యాసెట్ అతుకుతుంది. మధ్యలో పీవీసీ పొర పరాయి పదార్థంగా ఉండిపోతుంది, చుట్టూ చిక్కటి మరక పడుతుంది. మేస్త్రీ మాట తప్పు కాదు. పైపుకు అందం అక్కర్లేదు, అంతే.

లాగితే నలభై కిలోలు, వంచితే అర కిలో

జిగురు డబ్బాల మీద బలం గురించి రాసే అంకెలు నిజమే అయినా క్యాసెట్ మళ్లీ ఎందుకు విరుగుతుంది? చిన్న లెక్క వేద్దాం.

పెంకు గోడ మందం 2 మిల్లీమీటర్లు, పగులు పొడవు 20 మిల్లీమీటర్లు అనుకుందాం. అతుకు వైశాల్యం 40 చదరపు మిల్లీమీటర్లు. జిగురు చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్లు మోస్తుందనుకుంటే, తిన్నగా లాగినప్పుడు 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువు దాకా అతుకు నిలుస్తుంది. సిమెంటు బస్తాలో ముప్పావు వంతు కంటే ఎక్కువ.

ఇప్పుడు అదే ముక్కను పగులు నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో వేలితో నొక్కుదాం. ఈసారి గోడ వంగుతుంది. లోపలి అంచు నొక్కుకుంటుంది, బయటి అంచు తెరుచుకోబోతుంది. బలమంతా ఆ బయటి గీత మీద పడుతుంది. వంపుకు తట్టుకునే శక్తి మందానికి కాక మందం వర్గానికి అనులోమంగా ఉంటుంది: పొడవు 20ని మందం వర్గం 4తో హెచ్చించి 6తో భాగిస్తే సుమారు 13.3. దాన్ని 10తో హెచ్చించి 30తో భాగిస్తే నాలుగున్నర న్యూటన్ల లోపే. అర కిలో కూడా కాదు. వేలు దానికంటే ఎక్కువే నొక్కుతుంది.

జిగురు మార్చి బలాన్ని రెట్టింపు చేసినా అర కిలో కాస్తా కిలో దగ్గర ఆగుతుంది. లోపలివైపు అదే ప్లాస్టిక్‌తో 2 మిల్లీమీటర్ల మందమున్న పట్టీ ఒకటి పగులుకు అడ్డంగా అతికిస్తే మందం రెట్టింపై, వంపు శక్తి సుమారు నాలుగు రెట్లవుతుంది. చేయి తిరిగిన మరమ్మతుదారులు జిగురు పేరు కంటే లోపలి పట్టీ గురించి ఎక్కువ మాట్లాడటానికి కారణం ఇదే. పట్టీ వేసేందుకు లోపల చోటు ఉందా, రెండో సగం మూసినప్పుడు బోర్డుకు తగులుతుందా అన్నది ప్రతి క్యాసెట్‌కూ వేరు. నకలు క్యాసెట్లలో ఖాళీ ఎక్కువ కాబట్టి, ఈ విషయంలో వాటికే అదృష్టం.

స్క్రూ దిగే గొట్టం

క్యాసెట్లలో అతి మొండి పగులు బయటికి కనిపించదు. రెండు సగాలను కలిపే స్క్రూ, లోపల ఒక ప్లాస్టిక్ గొట్టంలోకి దిగుతుంది. ఆ గొట్టం నిలువునా చీలుతుంది.

ఎందుకో దగ్గరగా చూద్దాం. గొట్టంలో ముందుగా మరలు ఉండవు. ఫ్యాక్టరీలో మొదటిసారి బిగించినప్పుడు స్క్రూ తన మరలను తానే కోసుకుంటూ వెళ్తుంది. అలా దూరిన స్క్రూ గొట్టం గోడను అన్ని వైపులా బయటికి నెడుతూనే ఉంటుంది, ముప్పై ఏళ్లుగా. ఎవరో విప్పి మళ్లీ బిగించేటప్పుడు పాత మర దొరకక కొత్తది కోస్తే గోడ పలుచబడుతుంది. వరద నీళ్లు తాగిన క్యాసెట్లలో స్క్రూ తుప్పు పట్టి ఉబ్బుతుంది. దాన్ని బలవంతాన తిప్పితే మర విడవదు, గొట్టమే తిరగబోయి చీలుతుంది.

ఎన్‌ఈఎస్ వంటి అసలు నింటెండో క్యాసెట్ల స్క్రూలకు ఎక్కువగా 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి. అది దొరకనివారు బాల్‌పెన్ గొట్టాన్ని కరిగించి స్క్రూ తల మీద ఒత్తి పనిముట్టుగా వాడతారు. స్క్రూ వదులుగా ఉంటే అది పనిచేస్తుంది. బిగిసి ఉంటే కరిగిన పెన్ను స్క్రూ తల మీదే ఉండిపోతుంది.

చీలిన గొట్టంలో జిగురు పోసి అదే స్క్రూ బిగిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. స్క్రూ నెట్టే దిశ పగులును తెరిచే దిశే. అందువల్ల ఇక్కడ అతుకు కంటే పట్టు ముఖ్యం: గొట్టం చుట్టూ ఎపాక్సీ దిమ్మె, లేదా జిగురులో నానిన దారం చుట్టు, లేదా చిన్న ఉంగరం. సోడా, ఫెవిక్విక్ మిశ్రమం న్యాయంగా రాణించే చోటు ఇదేనని నా అభిప్రాయం. వంగే పని లేదు, గొట్టం చుట్టూ గట్టి గోడ కావాలి. స్క్రూ రంధ్రాన్ని వెంట్రుకవాసి వెడల్పు చేస్తే నెట్టే బలం కూడా తగ్గుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూను మొదట వెనక్కి తిప్పుతారు. టక్కుమని చిన్న కుదుపుతో అది పాత మరలోకి జారుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే కొత్త మర కోసే బాధ ఉండదు.

మోటారు మెకానిక్కులు స్క్రూలు వదులు కాకుండా వాడే ఎర్ర, నీలి ద్రవాలు ఏబీఎస్‌కు శత్రువులు. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌ను కొన్ని రసాయనాలు తాకితే చిన్న చీలికలు మొదలై పెరుగుతాయి. గొట్టం ఎలాగూ ఒత్తిడిలోనే ఉంది.

ఫామికామ్ క్యాసెట్లలో చాలావాటికి స్క్రూలే ఉండవు, లోపలి కొక్కేలతో మూసుకుంటాయి. కొక్కెం పని వంగడం కాబట్టి అతికించిన కొక్కెం మళ్లీ విరగడం దాదాపు ఖాయం. దాన్ని వదిలేసి అంచు వెంబడి రెండు చోట్ల చుక్క జిగురుతో ఆపేవారు ఉన్నారు, చుట్టూరా అంటించేవారూ ఉన్నారు. ఆట ఎక్కడి దాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే క్యాసెట్లలో నాణెం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అది ఏదో ఒకరోజు అయిపోతుంది. చుట్టూరా అంటించిన పెంకును ఆ రోజు మళ్లీ పగలగొట్టాలి.

మన ఎండ, మన గాలి

విదేశీ వీడియోలో నిమిషంలో పట్టిన జిగురు కడపలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎందుకు పట్టదు? సయనోఅక్రిలేట్‌కు తడి కావాలని చెప్పుకున్నాం. రాయలసీమ వేసవి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ బాగా పడిపోతుంది. జిగురు నెమ్మదిస్తుంది. పట్టలేదని ఇంకొంచెం పోస్తారు. పొర మందమై మరింత ఆలస్యమవుతుంది, బలమూ తగ్గుతుంది. ఇంకా తడిగా ఉండగానే మూత మూసేస్తే, జిగురు ఆవిరి లోపలి గోడల మీద తెల్లటి బూడిదలా పేరుకుంటుంది.

అసిటోన్‌ది మరో ఇబ్బంది. అది 56 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. 42 డిగ్రీల గదిలో, పైన ఫ్యాను తిరుగుతుంటే, అంచు కరిగే లోపే ఎగిరిపోతుంది. దాని ఆవిరి సున్నాకు చాలా దిగువన కూడా అంటుకోగలదు, కాబట్టి పక్కన అగరుబత్తి వెలుగుతున్నా ప్రమాదమే. తెల్లవారుజామున చేసిన అతుకు నిలిచి, మధ్యాహ్నం చేసింది ఊడితే చేతివాటాన్ని తిట్టుకోనక్కరలేదు.

వరద క్యాసెట్లలో ఇంకొకటి. నీళ్లు ఏబీఎస్‌ను పెద్దగా పాడుచేయవు. పాడుచేసేది బురద. మెత్తటి ఒండ్రు పగులులోకి, కొక్కేల సందుల్లోకి చేరి ఆరిపోతుంది. దాని మీద పూసిన జిగురు పట్టుకునేది మట్టిని, ప్లాస్టిక్‌ను కాదు.

ముక్కే లేకపోతే

ఊడిన ముక్క పోతే మూడు దారులు. అదే రంగు పనికిరాని పెంకు తురిమి అసిటోన్‌లో కరిగిస్తే చిక్కటి ముద్ద వస్తుంది, దానితో ఖాళీ పూడ్చవచ్చు. రంగు కలుస్తుంది. కానీ అసిటోన్ ఆవిరయ్యే కొద్దీ ముద్ద కుంగుతుంది, మందంగా వేస్తే లోపల బుడగలు మిగులుతాయి. పలుచటి పొరలుగా, రోజుల తరబడి ఓపికతో చేసే పని అది.

రెండోది, చవక క్యాసెట్ పెంకును దాతగా తీసుకోవడం. మన నకళ్ల మధ్య ఇది తేలిక. 60 పిన్నుల పెంకులు దాదాపు ఒకే కొలతలో ఉంటాయి, లోపలి కొమ్ముల చోటు మాత్రం మారుతుంది.

మూడోది, త్రీడీ ప్రింటింగ్. ఇక్కడ పదార్థం పేరు అడగకుండా ఆర్డరు ఇస్తే ఇబ్బంది. ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ సుమారు 80 దాకా, ఏబీఎస్ సుమారు 105 దాకా ఓర్చుకుంటాయి. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 60 దాటడం వింత కాదు. అదీగాక ప్రింటు పొరలు పొరలుగా పేరుస్తారు, స్క్రూ గొట్టం ఆ పొరల దగ్గరే విడిపోతుంది.

కాపాడేది ఆటనా, వస్తువునా?

పద్ధతుల మీద పేచీ ఎక్కడో ఒకచోట ఇక్కడికే వస్తుంది. ఆడుకునేవారికి క్యాసెట్ పనిచేయాలి. పెంకు మార్చినా, ఎం-సీల్ దిమ్మె కనిపించినా వారికి పట్టదు, బోర్డు క్షేమంగా ఉంటే చాలు. సేకరించేవారికి పెంకు కూడా చరిత్రే. పగిలినా అసలుది అసలుదే, దాన్ని కొత్త పెంకుతో మారిస్తే సగం వస్తువు పోయినట్లు లెక్క. మ్యూజియం సంరక్షకులు మూడో మాట అంటారు: చేసిన మరమ్మతును రేపు తీసేయగలగాలి. ఆ కొలతతో చూస్తే అత్యంత బలమైన అసిటోన్ అతుకే ఇక ఎప్పటికీ విప్పలేనిది. ఫెవిక్విక్‌ను కూడా ఇక్కడ వెనక్కి తీసుకోలేం, ఎందుకంటే దాన్ని వదిలించే అసిటోన్ ఏబీఎస్‌నూ తినేస్తుంది.

పసుపు రంగుకు తిరిగిన పెంకుల మీదా ఇదే తగాదా. ఎండ, గాలి, వాటికి తోడు మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ పదార్థాలు, ఇవన్నీ కలిసి దాన్ని పసుపు చేస్తాయన్నది వాడుకలో ఉన్న వివరణ. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి అతినీలలోహిత కాంతిలో ఉంచే పద్ధతి 2008 నుంచి ప్రచారంలో ఉంది. తెలుపు తిరిగి వస్తుంది, అందులో సందేహం లేదు. కొన్నాళ్లకు పసుపు మళ్లీ తేలుతుందని, ప్లాస్టిక్ పెళుసెక్కుతుందని కొందరి అనుభవం. బాగా చేస్తే ఏమీ కాదని మరికొందరి వాదన. బీటలున్న పెంకు మీద ఈ ప్రయోగం రెండు జూదాలు ఒకేసారి ఆడటమే.

మన నకలు క్యాసెట్ల విషయంలో నాకు ఆడుకునేవారి పక్షమే నచ్చుతుంది. వాటిని పెంకు అందం చూసి ఎవరూ కొనలేదు. జపాను, అమెరికా నుంచి వచ్చిన అసలు క్యాసెట్ అయితే ముక్కలను కాగితంలో చుట్టి ఉంచుకుని, వేరే పెంకులో బోర్డు పెట్టి ఆడుకోవడం ఇద్దరికీ నష్టం లేని దారి. చిక్కు అమ్మేటప్పుడు వస్తుంది. కొత్త పెంకు, కొత్త స్టిక్కరు, పాత బోర్డు ఉన్న క్యాసెట్ మోసమేమీ కాదు. ఆ సంగతి చెప్పకుండా అసలు ధరకు అమ్మితే మోసం. పెంకు తెరిచి చూపమని అడిగే కొనుగోలుదారులు అందుకే పెరిగారు. అలా అడిగినప్పుడల్లా ఒకసారి స్క్రూ విప్పాలి, మళ్లీ బిగించాలి.